నట్టలు మందుకి లొంగకపోతే

(ప్రసంగ పాఠం)



ఈ పూట మాట మేకల గురించి. పాలిచ్చే మేకల గురించి. వాటి పొట్టలో చేరే నట్టల గురించి. మందు పట్టించినా చావని నట్టల గురించి.

మలికిపురం చుట్టూ ఉన్న పల్లెల్లో గేదె ఉన్న ఇల్లు కాస్త కలిగిన ఇల్లు. గేదె కొనాలంటే చాలా డబ్బు పోయాలి. అంత లేని ఇంట్లో రెండు మేకలుంటాయి. దిండి వెళ్లండి, రామరాజులంక వెళ్లండి, లక్కవరం వెళ్లండి. కొబ్బరి చెట్టు నీడలో తాడుతో కట్టిన మేక కనబడుతుంది. ఆ మేక రోజుకి అర లీటరు పాలిచ్చినా చాలు. చంటిపిల్లకి పాలు, ముసలాయనకి టీ. పోతుపిల్ల ఎదిగితే పండగ ముందు అమ్ముడవుతుంది. ఆ డబ్బు పిల్లల ఫీజుకో, ఇంటి మీద కొత్త తాటాకుకో పనికొస్తుంది.

మేక పాలని తక్కువగా చూడొద్దు. గాంధీ గారు ఆవు పాలు, గేదె పాలు ముట్టనని ఒట్టు పెట్టుకున్నారు. జబ్బు చేసి మంచాన పడినప్పుడు కస్తూరిబా గారు మేక పాలు తాగమన్నారు. అప్పటి నుంచి ఆయన మేక పాలే తాగారు.

ఇప్పుడు ఒక ఇల్లాలి సంగతి అనుకోండి. ఆమెకి మూడు మేకలు. వానాకాలం మధ్యలో ఒక మేకకి పాలు సగానికి పడిపోయాయి. బొచ్చు గరుకయింది. మంద వెనకాల నీరసంగా నడుస్తోంది. పారుకోవడం లేదు. మేత కాస్త తింటూనే ఉంది. వారం తిరిగేసరికి దవడ కింద సంచిలాగ నీరు దిగింది. పొద్దుట వాపు తక్కువ, సాయంత్రానికి ఎక్కువ. ఆమె మందుల షాపుకి వెళ్లి నట్టల మందు తెచ్చి మూడింటికీ పట్టించింది. పది రోజులు చూసింది. వాపు తగ్గలేదు. ఇంకో సీసా తెచ్చి మళ్లీ పట్టించింది. మేక లేవలేదు. అప్పుడు పశువుల ఆసుపత్రికి వెళ్లింది.

"ఏమండీ డాక్టరు గారూ, పోయినేడు ఇదే మందుకి మేక లేచి తిరిగిందండి. ఈ ఏడు రెండుసార్లు పట్టించినా గుణం లేదండి. మందు కల్తీదంటారా?"

మందు కల్తీది కావచ్చు. కాకపోవచ్చు కూడా. మందు మంచిదే అయినా నట్ట చావకపోవడానికి చాలా కారణాలున్నాయి. అవి తెలియాలంటే ముందు నట్ట సంగతి తెలియాలి.

మేకకి నాలుగు పొట్టలుంటాయి. నాలుగో పొట్టలో ఒక నట్ట కాపురం ఉంటుంది. ఆడ నట్ట ఒక అంగుళం పొడుగు. సన్నం. ఎర్ర దారం, తెల్ల దారం కలిపి పేనినట్టు ఉంటుంది. ఎరుపు ఏమిటనుకున్నారు? అది తాగిన మేక నెత్తురు. తెలుపు దాని గుడ్ల సంచి. ఇంకా వేరే నట్టలు పేగుల్లో ఉంటాయి. అవి మేకని పారించి చిక్కిపోయేలా చేస్తాయి. ప్రాణం తీయడంలో మాత్రం ఈ నెత్తురు నట్టే పెద్దది.

ఒక నట్ట తాగే నెత్తురు చుక్కంత. కాని ఒక మేకలో వెయ్యి నట్టలు చేరాయనుకోండి. రోజుకి 50 మిల్లీలీటర్ల నెత్తురు పోతుంది. అంటే చిన్న టీ గ్లాసుడు. 25 కిలోల మేక ఒంట్లో ఉండే నెత్తురే రెండు లీటర్ల లోపు. రోజూ గ్లాసుడు పోతూ ఉంటే ఎన్నాళ్లు నిలబడుతుంది?

ఆడ నట్ట రోజుకి 5,000 నుంచి 10,000 దాకా గుడ్లు పెడుతుంది. గుడ్లు పెంటికలతో పాటు నేల మీద పడతాయి. తడి, వెచ్చదనం ఉంటే గుడ్డు పగిలి పిల్లపురుగు వస్తుంది. అది కంటికి కనబడదు. వారం లోపే మేకకి అంటుకునేంత ఎదుగుతుంది. తడి గడ్డి పరకని పట్టుకుని పైకి పాకుతుంది. ఎంతో ఎత్తు పాకలేదు. ఎక్కువ పురుగులు నేల నుంచి బెత్తెడు ఎత్తులోనే ఉంటాయి. మేక ఆ గడ్డి కొరికితే లోపలికి పోతాయి. మూడు వారాలకి పెద్ద నట్టలై మళ్లీ గుడ్లు పెడతాయి.

తడి, వెచ్చదనం కోనసీమకి కొరవా? మలికిపురానికి ఒక పక్క వశిష్ట గోదావరి. ఒక పక్క వైనతేయ. దక్షిణాన సముద్రం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాటన్ దొర కాలువలు ఊరూరికీ వచ్చాయి. ఆ నీళ్లతోనే వరి పండింది, కొబ్బరి పెరిగింది. ఆ తడే నట్టలకీ కలిసొచ్చింది. తోట నీడలో గడ్డి మిట్టమధ్యాహ్నం దాకా ఆరదు. వానలు జూన్‌లో మొదలై, తుపాన్లతో నవంబరు దాకా ఉంటాయి. ఎండ మాడ్చేసే అనంతపురంలో నట్టకి ఇంత సుఖం లేదు.

ఇక మందు ఎందుకు పనిచేయలేదు?

మొదటి సంగతి. అసలు రోగమే వేరు కావచ్చు. కాలువ గట్ల మీద, వరి చేలల్లో నత్తలుంటాయి. వాటి వల్ల కాలేయపు జలగ వస్తుంది. ఆ జలగ పట్టినా మేకకి నెత్తురు తగ్గుతుంది. దవడ కింద నీరు దిగుతుంది. చూడడానికి రెండూ ఒకటే. కాని గుండ్రటి నట్టల మందుల్లో చాలావాటికి జలగ చావదు. దానికి వేరే మందు ఉంది. పెంటికల పరీక్ష చేస్తే ఏది ఉందో తెలుస్తుంది. పరీక్ష లేకుండా సీసా మీద సీసా పోస్తే డబ్బు పోతుంది, మేక కూడా పోతుంది.

రెండో సంగతి. మోతాదు చాలకపోవచ్చు. మేకని కంటితో చూసి "ఇరవై కిలోలుంటుంది" అంటారు. తూస్తే ముప్పై ఉంటుంది. ఇంకో విషయం ఉంది. ఇది చాలామందికి తెలియదు. మేక శరీరం మందుని గొర్రె కంటే తొందరగా బయటికి పంపేస్తుంది. అందుకని గొర్రెకి సరిపోయే మోతాదు మేకకి చాలదు. కొన్ని మందులు ఒకటిన్నర రెట్లు, కొన్ని రెండు రెట్లు ఇవ్వాలి. అలాగని చేతికొచ్చినంత పోయకండి. లెవామిసోల్ అనే మందు కాస్త ఎక్కువైతే మేక వణికి పడిపోతుంది. ఆల్బెండజోల్ చూలు కట్టిన మొదటి నెలలో ఇస్తే పిండానికి చేటు. ఎంత ఇవ్వాలో డాక్టరు గారే చెప్పాలి.

మూడో సంగతి సీసా మీద ఉంటుంది. మీకిప్పుడు చదువు వచ్చింది. సీసా చేతిలోకి తీసుకోండి. పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. దాని కింద చిన్న అక్షరాల్లో అసలు మందు పేరు ఉంటుంది. ఆ చిన్న పేరే ముఖ్యం. అది ఇంగ్లీషులో ఉంటే షాపు అబ్బాయిని అడిగి తెలుగులో రాయించుకోండి. పైన చెప్పిన ఇల్లాలు రెండు సీసాలు కొంది. ఒకటి ఆల్బెండజోల్, ఒకటి ఫెన్‌బెండజోల్. పేర్లు వేరు, రంగులు వేరు, ధరలు వేరు. కాని అవి రెండూ అక్కచెల్లెళ్లు. ఒకే ఇంటి మందులు. ఒకదానికి లొంగని నట్ట రెండోదానికీ లొంగదు. మందు మార్చాననుకుంది. నిజానికి మార్చలేదు.

నాలుగో సంగతి పెద్దది. నట్ట మొండికెత్తుతుంది. వరికి సుడిదోమ పడితే ఏం జరుగుతుందో రైతులకి తెలుసు. మొదటి ఏడు మందు కొడితే దోమ రాలిపోతుంది. అదే మందు ఏడాదికేడాది కొడితే దోమ చావదు. నట్టల్లోనూ అంతే. వెయ్యి నట్టల్లో ఏ ఒకటో రెండో పుట్టుకతోనే మందుకి తట్టుకునేవి ఉంటాయి. మందు పోస్తే మిగతావి చస్తాయి. ఆ రెండూ బతుకుతాయి. పిల్లల్ని పెడతాయి. ఆ పిల్లలూ మొండివే. కొన్నేళ్లకి పొట్టనిండా మొండి నట్టలే మిగులుతాయి.

ఇది కొత్తగా వచ్చిన గొడవ కాదు. ఈ ఇంటి మందుల్లో మొదటిది థయాబెండజోల్. అది 1961లో వచ్చింది. మూడేళ్లకే, 1964లో, దానికి చావని నట్టలున్నాయని అమెరికాలో తేలింది. భారతదేశంలో గొర్రెల్లో ఈ సంగతి 1976లోనే అచ్చయింది. తర్వాత 1981లో ఐవర్‌మెక్టిన్ వచ్చింది. జపాన్ మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి తీసిన మందు అది. దాన్ని కనిపెట్టినందుకు ఇద్దరు శాస్త్రజ్ఞులకి 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. అంత గొప్ప మందుకి కూడా పదేళ్లు తిరక్కుండానే దక్షిణాఫ్రికాలో నట్టలు అలవాటు పడిపోయాయి. కొత్త మందు రోజూ పుట్టదు. ఉన్నవాటిని పాడుచేసుకుంటే చేతిలో ఏమీ ఉండదు.

అయితే మందు పనిచేస్తోందో లేదో తెలిసేదెలా? పెంటికలు చెప్తాయి. మందు పట్టించే రోజున ఒకసారి పెంటికల్లో గుడ్లు లెక్క పెట్టించాలి. పది నుంచి పధ్నాలుగు రోజుల తర్వాత మళ్లీ లెక్క పెట్టించాలి. ముందు గ్రాముకి 1,000 గుడ్లు ఉంటే, తర్వాత 50 గాని అంతకంటే తక్కువ గాని ఉండాలి. అప్పుడు మందు బాగా పనిచేసినట్టు. 400 ఉన్నాయంటే నట్టలు మొండికెత్తాయి. డాక్టరు గారు అప్పుడు వేరే ఇంటి మందు రాస్తారు. ఒక్కోసారి రెండు ఇళ్ల మందులు ఒకే రోజు కలిపి ఇస్తారు. ఒకదాన్ని తట్టుకున్న నట్ట రెండోదానికి చిక్కుతుంది. మందిచ్చాక ఎన్ని రోజులు పాలు వాడకూడదో కూడా అడగండి. మందు పాలల్లోకి దిగుతుంది. ఆ పాలు చంటిపిల్లకి పట్టకూడదు.

పెంటికలు తీసుకెళ్లడానికి పెద్ద హంగు అక్కర్లేదు. నేల మీద పాతవి ఏరకండి. మేక వేసినప్పుడు వేడిగా ఉన్నవి పదో పన్నెండో చిన్న ప్లాస్టిక్ కవర్లో వేయండి. గాలి లేకుండా నొక్కి ముడి వేయండి. ఒక్కో మేకకి ఒక్కో కవరు. చీటీ మీద మేక పేరు, తేదీ రాయండి. నల్లది, చుక్కలది, ఒంటికొమ్ముది... మీరు ఏ పేరుతో పిలిస్తే ఆ పేరే రాయండి. ఎండలో పెట్టకుండా ఆ పూటే ఆసుపత్రికి చేర్చండి. ఆలస్యమైతే గుడ్లు పగిలిపోతాయి, లెక్క తప్పుతుంది.

రోజూ పరీక్ష చేయించలేరు కదా. ఇంటి దగ్గరే చూసుకునే పద్ధతి ఒకటుంది. దక్షిణాఫ్రికా పశువైద్యులు 1990ల్లో దాన్ని తయారు చేశారు. మలాన్ అనే డాక్టరు ఆలోచన అది. నెత్తురు నట్ట నెత్తురు తాగుతుంది. నెత్తురు తగ్గితే కంటి రెప్ప లోపల తెల్లబడుతుంది. ఇంతే దాని కిటుకు. వాళ్లు అయిదు రంగుల అట్ట ఒకటి చేశారు. ఒకటో నంబరు మంచి ఎరుపు. రెండు, కాస్త తగ్గిన ఎరుపు. మూడు గులాబీ. నాలుగు వెలిసిన గులాబీ. అయిదు తెలుపు, కాగితంలాగ.

మేకని పట్టుకుని వెలుతురులో నిలబెట్టండి. బొటనవేలితో పైరెప్పని కంటి మీదికి మెల్లగా నొక్కండి. రెండో చేతి వేలితో కింది రెప్పని కిందికి లాగండి. రెప్ప లోపలి తోలు బయటికి ఉబుకుతుంది. ఆ రంగు చూడండి. కనుగుడ్డు రంగు కాదు, రెప్ప లోపలి రంగు. ఎక్కువసేపు లాగి పట్టుకుంటే ఎర్రబడుతుంది, అందుకని చప్పున చూడాలి. రెండు కళ్లూ చూడాలి. వానాకాలంలో పదిహేను రోజులకోసారి చూడాలి. ఆ అట్ట దొరక్కపోతే డాక్టరు గారి దగ్గర ఒక్కసారి పక్కన నిలబడి నేర్చుకోండి. చేయి అలవాటైతే ఒక్కో మేకకి అర నిమిషం పట్టదు.

ఒకటి, రెండు నంబర్ల మేకలకి మందు పోయకండి. నాలుగు, అయిదు ఉంటే తప్పకుండా పోయాలి. మూడు ఉంటే, అది చూలు మేకో, ఈనిన మేకో, చిన్న పిల్లో అయితే పోయండి. ఒక్క జాగ్రత్త. జలగ పట్టినా, పిడుదులు నెత్తురు తాగినా రెప్ప తెల్లబడుతుంది. రెప్ప "నెత్తురు తగ్గింది" అని చెప్తుంది. ఎందుకు తగ్గిందో పెంటికలు చెప్పాలి. పేగుల్లో ఉండే నట్టల్ని కూడా రెప్ప పట్టించదు. మేక ఒంటివైపు, పెంటికల వైపు కూడా కన్ను వేసి ఉండాలి.

"మందలో అన్నింటికీ ఒకేసారి పోస్తే నట్టలన్నీ పోతాయి కదండీ?" అని అడుగుతారు. చాలా ఏళ్లు డాక్టర్లు కూడా అలాగే చెప్పారు. ఇప్పుడు అలా చెప్పడం లేదు. ఎందుకో చూడండి. పది మేకల మందలో నట్టలు సమానంగా ఉండవు. రెండు మూడు మేకల్లోనే చాలా వంతు నట్టలు ఉంటాయి. మిగతావి బలంగానే ఉంటాయి. ఆ బలమైన మేకల్లో ఉన్న కొద్ది నట్టలు మందు రుచి చూడలేదు. అవి మందుకి లొంగే రకం. వాటి పిల్లలు గడ్డి మీద మొండి నట్టల పిల్లలతో కలుస్తాయి, మేక పొట్టలోకి చేరాక జత కడతాయి. అలా మందకి మొండితనం పూర్తిగా పట్టకుండా ఉంటుంది. అన్నింటికీ పోస్తే లొంగేవి అన్నీ చచ్చి, మొండివే రాజ్యం ఏలతాయి. కొన్ని నట్టల్ని కావాలని బతకనివ్వడం వింతగానే ఉంటుంది. కాని లెక్క అదే. ఊళ్లో నట్టల నివారణ శిబిరం పెట్టినప్పుడు మేకల్ని తోలుకెళ్లండి. ముందు రెప్పలు చూడమని డాక్టరు గారిని అడగండి.

మందు సంగతి ఇంతటితో సరి. అసలు నట్టని మేక నోటికి అందకుండా చేస్తే? అక్కడే పెద్ద లాభం ఉంది.

పసిఫిక్ మహాసముద్రంలో టోంగా అని దీవుల దేశం ఉంది. అక్కడా కొబ్బరి చెట్లే. అక్కడా వానలే, ఉక్కపోతే. అక్కడా మేకలకి ఈ నట్టలే. శాస్త్రజ్ఞులు అక్కడ ఒక పని చేసి చూశారు. ఆ పరిశోధన 1994లో అచ్చయింది. మేత భూమిని పది ముక్కలు చేశారు. ఒక్కో ముక్కలో మేకల్ని మూడున్నర రోజులే మేపారు. తర్వాత పక్క ముక్కలోకి తోలారు. మొదటి ముక్కకి మళ్లీ వచ్చేసరికి నెల దాటింది. ఇంకో మందని ఎప్పుడూ ఒకేచోట మేపారు. ముక్కలు మార్చి మేపిన మేకల పెంటికల్లో గుడ్లు, ఒకేచోట మేసిన వాటిలో ఉన్నదాంట్లో సగం కూడా లేవు. మందు పోయాల్సిన అవసరమూ బాగా తగ్గింది.

ఎలా కుదిరింది? మూడున్నర రోజుల్లో గుడ్డు ఇంకా అంటుకునే పురుగు కాలేదు. అది ఎదిగేసరికి మేక అక్కడ లేదు. వేడిలో, తడిలో ఆ పురుగు చురుగ్గా పాకుతుంది, తిండి లేక తొందరగా అలిసి చస్తుంది. మేక తిరిగొచ్చే నాటికి చాలావరకు చచ్చిపోయాయి. చలి దేశాల్లో ఈ పురుగు నెలల తరబడి బతుకుతుంది. ఉక్క దేశాల్లో అంత కాలం బతకలేదు. కోనసీమ ఉక్క ఒక్క ఈ విషయంలో మేకకి మేలు చేసింది.

మీకు పది ముక్కల పొలం అక్కర్లేదు. ఒక గుంజ, ఒక తాడు ఉంటే చాలు. ఇప్పుడేం చేస్తున్నారు? గుంజ ఒకేచోట దిగేసి నెలంతా అక్కడే కడుతున్నారు. మేక తన పెంటికల మీద తనే మేస్తోంది. మూడు రోజులకోసారి గుంజ పీకి కొత్తచోట పాతండి. తాడు ఎంత దూరం తిరుగుతుందో అంత దూరం వదిలి పాతండి. వదిలిన చోటికి నెల దాటిన తర్వాతే రండి. సొంత తోటలో చోటు చాలకపోతే ఇరుగుపొరుగు మాట్లాడుకోవచ్చు. తోట గల రైతుకి గడ్డి కోసే కూలి మిగులుతుంది, చెట్టుకి ఎరువు దక్కుతుంది. గుంజ ఎప్పుడు, ఎక్కడ మార్చారో నోటు పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. రాసుకోకపోతే రెండో వారానికే మర్చిపోతారు.

ఇంకో చిన్న పని. మంచు ఆరకుండా మేకని వదలకండి. తడి గడ్డి మీద పురుగు పైకి వచ్చి ఉంటుంది. పొద్దెక్కి గడ్డి ఆరాక అది కిందికి దిగుతుంది. గడ్డి బెత్తెడు కంటే పొట్టిగా అయ్యేదాకా మేపకండి. బోదెల పక్కన నత్తలున్న చోట అసలు కట్టొద్దు.

నిజానికి మేక గడ్డి మేసే జంతువు కాదు. ఆకు కొరికే జంతువు. దానికి వెనక కాళ్ల మీద లేచి కొమ్మ అందుకోవడం ఇష్టం. కంచె మీద అవిశ, మునగ, సుబాబుల్, గ్లిరిసీడియా వేసుకోండి. కొమ్మలు నరికి మేక తలెత్తి తినేంత ఎత్తులో కట్టండి. తలెత్తి తిన్న ఆకులో నట్ట ఉండదు.

వాన పట్టు విడవని రోజుల్లో మంచె పాక మంచిది. నేలకి మోకాలెత్తు పైన తాటి పట్టెలు గాని, పోక బద్దలు గాని పరవండి. మధ్యలో పెంటిక జారేంత సందు ఉండాలి. పిల్ల కాలు ఇరుక్కునేంత ఉండకూడదు. పెంటికలు కిందపడతాయి. మేక వాటిని తాకదు. ఆ పెంటికల్ని గోతిలో వేసి మగ్గనివ్వండి. మగ్గే వేడికి గుడ్లు చస్తాయి. మగ్గాక కొబ్బరి పాదుల్లో వేసుకోండి. పచ్చివి మేత గడ్డి మీద చల్లకండి.

ఇప్పుడు ఆకుల వైద్యం, వేళ్ల వైద్యం. ఇది అందరూ అడిగేదే. ఇక్కడ ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి.

కొబ్బరితో నట్టలు చస్తాయా? బ్రెజిల్ దేశంలో ఈ ప్రశ్నే వేసుకున్నారు. లేత కొబ్బరి డొక్క పీచు నుంచి సారం తీశారు. గాజు గిన్నెలో నట్ట గుడ్ల మీద పోశారు. గుడ్లు పగల్లేదు. అందరూ సంతోషించారు. తర్వాత గొర్రెలకి పట్టించారు. నట్టలు కదల్లేదు. ఆ సంగతి 2009లో అచ్చయింది. గిన్నెలో పనిచేసిందల్లా పొట్టలో పనిచేయదు. పొట్టలో ఆకు రసం పలచబడుతుంది, అరిగిపోతుంది, మారిపోతుంది. వేపాకు కథా ఇంచుమించు ఇలాంటిదే. కొన్నిచోట్ల కాస్త గుణం కనిపించింది, కొన్నిచోట్ల ఏమీ లేదు. వేపాకు మేపితే నష్టం లేదు. వేపాకు ఉంది కదా అని తెల్లకన్ను మేకకి మందు ఆపితే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

వగరు ఆకుల సంగతి కాస్త మెరుగు. జామాకు నమిలితే నోరు పట్టేస్తుంది కదా. ఆ వగరులో ఉండే పదార్థం నట్టకి పడదు. ఉత్తరప్రదేశ్‌లో పశువైద్య శాస్త్రజ్ఞులు జామాకు, జువ్వి ఆకు ఎండబెట్టి దాణాలో కలిపి మేపి చూశారు. నెత్తురు నట్టల గుడ్లు తగ్గాయి, ఒంట్లో బలం పెరిగింది. తగ్గాయి గాని పూర్తిగా పోలేదు. తుమ్మాకు, తుమ్మకాయల్లోనూ ఆ వగరు ఉంది. రోజుకి గుప్పెడు రెండు గుప్పెళ్లు మిగతా మేతలో కలిపి పెట్టండి. వగరు మేత ఒక్కటే పెడితే మేకకి మేత అరగదు, పాలు తగ్గుతాయి.

రెండు నాటు వైద్యాలకి మాత్రం దూరంగా ఉండండి. ఒకటి మైలుతుత్తం. రెండోది పొగాకు కషాయం. లంక పొగాకు ఈ గోదావరి గడ్డ మీద పండేదే, చేతికి అందుతుంది. పూర్వం మంచి మందులు లేనప్పుడు దొరల దేశాల్లో కూడా మైలుతుత్తం, పొగాకు సారం కలిపి గొర్రెలకి పోసేవారు. నట్టలు చచ్చేవి. గొర్రెలూ చచ్చేవి. మందుకీ విషానికీ మధ్య అందులో వెంట్రుకవాసి తేడా. ఈ మధ్య రాగి తీగ ముక్కలు నింపిన గొట్టం మాత్ర ఒకటి కొన్ని దేశాల్లో వాడుతున్నారు. అది నాలుగో పొట్టలో నిదానంగా కరిగి నెత్తురు నట్టని తగ్గిస్తుంది. పేగు నట్టల మీద పెద్దగా పనిచేయదు. అదీ డాక్టరు లెక్క కట్టి ఇవ్వాల్సిందే. ఇంట్లో రాగి వైరు కత్తిరించి మింగించేది కాదు.

గొర్రెలకి ఈ నట్టకి టీకా కూడా వచ్చింది. ఆస్ట్రేలియాలో 2014 నుంచి వాడుతున్నారు. అది ఇక్కడి రెండు మేకల ఇంటికి చేరేదాకా పైన చెప్పిన గుంజ, కొమ్మ, రెప్ప ఇవే ఆధారం.

తిండి కూడా మందే. నట్ట తాగిన నెత్తురు మళ్లీ ఊరాలంటే మాంసకృత్తులు కావాలి. గానుగ నుంచి కొబ్బరి చెక్క వస్తుంది. అవిశాకు ఇంటి వెనకే ఉంటుంది. చూలు మేకకి ఈనడానికి నెల ముందు నుంచి, పాలిచ్చే మేకకి రోజూ ఇవి పెట్టండి. ఈనే ముందు రెండు వారాల నుంచి ఈనిన రెండు నెలల దాకా మేకకి తట్టుకునే శక్తి పడిపోతుంది. అప్పుడే నట్టలు రెచ్చిపోయి గుడ్లు గుమ్మరిస్తాయి. పక్కనే పిల్లలు మొదటిసారి గడ్డి కొరుకుతుంటాయి. వాటికి తల్లి పెంటికలే శత్రువులు. బాలింత మేకనీ, పిల్లల్నీ శుభ్రమైన చోట కట్టండి.

ఇంకొకటి. నోటు పుస్తకంలో ప్రతి మేకకీ ఒక పేజీ పెట్టండి. రెప్ప నంబరు, మందు పేరు, తేదీ రాయండి. ఏడాది తిరిగాక తిప్పి చూడండి. ఒక మేకకి ఒక్కసారి కూడా మందు పడి ఉండదు. ఇంకో మేకకి అయిదుసార్లు పడి ఉంటుంది. ఆ రెండో మేకని సంతకి తోలండి. మొదటి మేక పిల్లల్ని ఉంచుకోండి. నట్టని తట్టుకునే గుణం తల్లి నుంచి పిల్లకి వస్తుంది. పోతుని ఎంచేటప్పుడు కూడా కండ ఒక్కటే చూడకండి, దాని రెప్ప కూడా చూడండి. బెంగాల్‌లో సుందర్‌బన్స్ అని చిత్తడి అడవులున్నాయి. అక్కడ గారోల్ అనే చిన్న జాతి గొర్రెలున్నాయి. తరతరాలుగా మోకాలి లోతు తడిలో మేసి, నట్టల్ని తట్టుకోవడం నేర్చాయి. పొడి దేశం నుంచి పెద్ద చెవుల మేకని ఎక్కువ ధర పోసి తెస్తారు. కోనసీమ తడిలో అది మొదటి వానాకాలమే దాటదు. పక్కింటి నాటు మేక పాలు తక్కువిచ్చినా నిలబడుతుంది.

చివరిగా, రెప్ప కాగితంలా తెల్లబడిన మేక సంగతి. దాన్ని ఆసుపత్రికి నడిపించుకుని వెళ్లకండి. తరమకండి. ఒంట్లో నెత్తురు లేదు, పరిగెడితే గుండె ఆగి దారిలోనే పడిపోతుంది. ఎత్తుకుని వెళ్లండి, లేకపోతే ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్లండి. 1962 నంబరుకి ఫోను చేసి సంచార పశువైద్య బండిని కూడా అడగొచ్చు. ఈ లోపల నీడలో పడుకోబెట్టి, నీళ్లు అందేలా పెట్టి, అవిశ కొమ్మ నోటి దగ్గర పెట్టండి. వెళ్లేటప్పుడు మూడు తీసుకెళ్లండి. పెంటికల కవరు, ఇంతకు ముందు పట్టించిన మందు సీసాలు, నోటు పుస్తకం.